‘ది సింప్సన్స్’: అభిమానులు వేసిన మార్కులు, వారి లెక్కకు అందని అపూ

అమెరికాలోని ఫాక్స్ నెట్‌వర్క్‌లో 1989 డిసెంబరు 17న మొదలైన కార్టూన్ హాస్య ధారావాహిక ‘ది సింప్సన్స్’. స్ప్రింగ్‌ఫీల్డ్ అనే కల్పిత పట్టణంలో నివసించే ఒక సామాన్య కుటుంబం కథ ఇది. తండ్రి హోమర్ అణువిద్యుత్ కేంద్రంలో ఉద్యోగి. తల్లి మార్జ్, పిల్లలు బార్ట్, లీసా, మ్యాగీ. దీని సృష్టికర్త మ్యాట్ గ్రేనింగ్.

ఈ కార్యక్రమానికి మొదటి ఏడాదిలోనే ఒక ప్రత్యేక తరహా అభిమానులు తయారయ్యారు. ఇంటర్నెట్ ఇంకా సామాన్యుల ఇళ్లకు చేరని 1990లోనే వారు అక్కడ ఒక చర్చా బృందాన్ని ఏర్పరచుకున్నారు. ప్రతి ఎపిసోడ్‌కూ మార్కులు వేయడం, పాత కథతో పొంతన కుదరని చోటును పట్టుకోవడం వారి నిత్యకృత్యం. మెచ్చుకోలు కన్నా అలకలే ఎక్కువ. రచయితలు ఆ అలకలను చదివేవారు. చదివి ఊరుకోలేదు కూడా.

1997 ఫిబ్రవరి 9న ప్రసారమైన ‘ది ఇచ్చీ అండ్ స్క్రాచీ అండ్ పూచీ షో’ అందుకు సాక్ష్యం. అది 167వ ఎపిసోడ్. రాత్రివేళ ప్రధాన సమయంలో ప్రసారమైన కార్టూన్లలో ‘ది ఫ్లింట్‌స్టోన్స్’ పేరిట ఉన్న 166 ఎపిసోడ్ల రికార్డును ‘సింప్సన్స్’ ఆ రోజే దాటింది. అలాంటి సందర్భంలో సంబరం చేసుకోకుండా, పాతబడిన కార్టూన్ కార్యక్రమం ఒకటి ప్రేక్షకులను నిలుపుకోవడానికి పడే పాట్లనే రచయిత డేవిడ్ ఎక్స్ కోహెన్ కథగా మలిచారు. అందులో పూచీ అనే కుక్క పాత్రను కొత్తగా ప్రవేశపెడతారు. చూసినవారంతా పెదవి విరుస్తారు. కామిక్ పుస్తకాల దుకాణదారు, ఇంతకన్నా చెత్త ఎపిసోడ్ మరొకటి లేదని తేల్చేస్తాడు. ఆ మాట నిజమైన అభిమానుల చర్చల నుంచి తీసుకున్నదే. ఇన్నేళ్లు ఉచితంగా వినోదం పంచినవారు నీకు ఇంకా ఏం బాకీ ఉన్నారని బార్ట్ అతణ్ని నిలదీస్తాడు. రచయితలు తమ మనసులోని మాటను ఆ పిల్లవాడి నోట పలికించారు. విచిత్రమేమంటే, తమను ఎగతాళి చేసిన ఈ ఎపిసోడ్‌ను కూడా అభిమానులు ఉత్తమమైన వాటిలో చేర్చుకున్నారు.

అదే ఏడాది సెప్టెంబరు 28న వచ్చిన ‘ది ప్రిన్సిపల్ అండ్ ది పాపర్’ను మాత్రం వారు నేటికీ క్షమించలేదు. బడి ప్రధానోపాధ్యాయుడు స్కిన్నర్ అసలు స్కిన్నరే కాదని, వేరొకరి పేరుతో ఇన్నాళ్లూ బతికాడని ఇందులో తేలుతుంది. ఎనిమిదేళ్లుగా తెలిసిన మనిషిని ఒక్క కథతో అబద్ధం చేశారన్నది అభిమానుల ఆక్రోశం. స్కిన్నర్‌కు గొంతు ఇచ్చిన హ్యారీ షియరర్ కూడా ఈ కథను బాహాటంగా తప్పుపట్టారు. రచయిత కెన్ కీలర్ వాదన వేరు. ఉన్నది ఉన్నట్టే ఉండాలని కోరుకునే జనం గురించే తాను రాశానని ఆయన చెప్పుకొచ్చారు. నిజానికి ఎపిసోడ్ చివర పట్టణ ప్రజలు అసలు స్కిన్నర్‌ను రైలెక్కించి పంపేస్తారు. అలవాటైన నకిలీనే ఉంచుకుంటారు. తెలుగు డైలీ సీరియల్‌లో నటి మారినప్పుడు ఇళ్లలో వినిపించే సణుగుడు తెలిసినవారికి ఈ కోపం కొత్తగా అనిపించదు.

అభిమానుల తీర్పు ప్రతిసారీ శిలాశాసనం కాదు. 1997 మే 4న ప్రసారమైన ‘హోమర్స్ ఎనిమీ’లో ఫ్రాంక్ గ్రైమ్స్ అనే కష్టజీవి హోమర్ సోమరితనాన్ని, అయినా అతనికి దక్కిన సుఖాలను చూసి భరించలేక ప్రాణాల మీదకు తెచ్చుకుంటాడు. కథ మరీ చీకటిగా ఉందని, నవ్వు రాలేదని అప్పట్లో చాలామంది ఈసడించారు. కాలక్రమంలో అదే ఎపిసోడ్ ఉత్తమ జాబితాల్లో తరచూ కనిపించసాగింది.

ఈ వాదోపవాదాలన్నిటిలో అభిమానులు వాడిన కొలబద్ద దాదాపు ఒకటే: పాత్ర తన స్వభావానికి కట్టుబడి ఉందా, కథ అతికిందా, నవ్వు వచ్చిందా? ఆ కొలబద్దతో చూస్తే అపూ నహాసపీమపెటిలాన్‌లో లోపం కనబడదు.

1990 ఫిబ్రవరి నుంచి కనిపించిన అపూ, చిల్లర దుకాణం నడిపే భారతీయ వలసదారు. సత్యజిత్ రాయ్ చిత్రత్రయంలోని అపూ పేరే ఇతనికి పెట్టారు. కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేట్ చేసినవాడు, ఒళ్లు దాచుకోకుండా పనిచేసేవాడు. 1996 మేలో వచ్చిన ‘మచ్ అపూ అబౌట్ నథింగ్’ వలసదారుల పట్ల ద్వేషాన్ని సూటిగా ఎండగట్టింది. అపూను సమర్థించే అభిమానులు ఇప్పటికీ దాన్నే ఉదాహరణగా చూపుతారు. వారి మాటలో నిజం లేకపోలేదు. అది మంచి ఎపిసోడే.

కానీ అపూ యాసను పలికించింది శ్వేతజాతి నటుడు హాంక్ అజారియా. అమెరికా టీవీలో దక్షిణాసియా ముఖాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని కూడా లేని కాలంలో, అక్కడి బడుల్లో చదివిన మన పిల్లలకు తోటివారు తగిలించిన పేరు, వెక్కిరించిన యాస అపూవే. తెలుగు తల్లిదండ్రులకు న్యూయార్క్‌లో పుట్టిన హాస్యనటుడు హరి కొండబోలు ఈ సంగతిని 2017 నవంబరులో ‘ది ప్రాబ్లమ్ విత్ అపూ’ అనే డాక్యుమెంటరీగా తీశారు. ఆయన ‘సింప్సన్స్’ను ద్వేషించే వ్యక్తి కాదు, దాన్ని చూస్తూ పెరిగిన అభిమాని. ఆయన వాదనకు బలం కూడా అక్కడే ఉంది.

జవాబుగా 2018 ఏప్రిల్ 8 నాటి ఎపిసోడ్‌లో లీసా తెరకేసి చూసి, ఒకప్పుడు ఎవరినీ నొప్పించని విషయం ఇప్పుడు తప్పయితే ఏం చేయగలమన్న ధోరణిలో మాట్లాడుతుంది. పక్కనే అపూ ఫొటో ఉంటుంది. అన్యాయాన్ని చూసి ఊరుకోని లీసా నోట ఆ మాట అనిపించడం, అభిమానుల సొంత కొలబద్ద ప్రకారమే, పాత్ర స్వభావానికి విరుద్ధం. స్కిన్నర్ విషయంలో లేచినంత గట్టిగా ఆ అభ్యంతరం లేవలేదు.

2020 జనవరిలో అజారియా ఆ పాత్రకు ఇక గొంతు ఇవ్వనని ప్రకటించారు. 2021లో భారతీయులకు క్షమాపణ చెప్పారు. తన కుమారుడి బడిలో కలిసిన ఒక 17 ఏళ్ల భారత సంతతి విద్యార్థి గురించి అప్పుడు ప్రస్తావించారు. ఆ అబ్బాయి ‘సింప్సన్స్’ ఒక్క ఎపిసోడ్ కూడా చూడలేదు. అయినా అపూ అంటే ఏమిటో అతనికి బాగా తెలుసు.

అపూను తొలగించమని హరి కొండబోలు అడగలేదు. ఆ పాత్రను మెరుగుపరచే మార్గాలు చాలా ఉన్నాయన్నదే ఆయన మాట. గొంతు మారలేదు, కొత్త కథ రాలేదు. ఇప్పుడు స్ప్రింగ్‌ఫీల్డ్ జనం గుమిగూడిన దృశ్యాల్లో అపూ అప్పుడప్పుడు కనిపిస్తాడు, మాట్లాడడు.