కొండకి ఓనరెవరు?

స్కాట్లాండ్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేవి మూడు: వాన, విస్కీ, వీసా. ప్రాజెక్టు పని మీద నేను ఎడింబరోలో రెండేళ్ళున్నాను. అక్కడ సోమవారం పొద్దున్న కాఫీ మిషన్ దగ్గర వినపడే మొదటి మాట సినిమా గురించీ కాదు, ఫుట్‌బాల్ గురించీ కాదు. "ఈ వారం ఎన్ని మన్రోలయ్యాయి?" అని. టెస్టింగ్ టీములో యాభై దాటిన పెద్దాయన కూడా ఎక్సెల్ షీట్‌లో టిక్కులు పెట్టుకుంటూ ఉంటాడు. ఈ పిచ్చి ఎక్కడ మొదలైందా అని కూపీ లాగితే, కొండల చరిత్ర కాస్తా భూమి తగాదాగా తేలింది.

ముందు కొండల సంగతి. అక్కడ అన్నిటికంటే ఎత్తయిన బెన్ నెవిస్ 1,345 మీటర్లు. మన తూర్పు కనుమల్లోనే అంతకంటే ఎత్తయిన కొండలున్నాయి. మరి ఇంత హడావిడి ఎందుకంటే వాన వల్ల. అట్లాంటిక్ మీంచి వచ్చే తడిగాలి మొదట ఢీకొట్టేది ఈ కొండల్నే. బెన్ నెవిస్ శిఖరం మీద ఏడాదికి సుమారు నాలుగు వేల మిల్లీమీటర్లు పడుతుంది, అంటే హైదరాబాద్ వానకి ఐదింతలు. చలికాలంలో ఆ తడంతా ఉత్తరపు గోడ మీద గడ్డకడుతుంది, కరుగుతుంది, మళ్ళీ గడ్డకడుతుంది. అలా ఏర్పడ్డ మంచు గట్టిగా ఉండి, గొడ్డలి దింపితే పట్టు ఇస్తుంది. ఎక్కడెక్కడి క్లైంబర్లూ ఫిబ్రవరిలో అక్కడికి పరిగెత్తేది ఇందుకే.

ఆ శిఖరం మీద 1883 నుంచి 1904 దాకా ఒక వాతావరణ పరిశోధనశాల నడిచింది. తుఫానొచ్చినా మంచు కురిసినా గంటగంటకీ రీడింగులు రాసుకోవడమే పని. మన నైట్ షిఫ్ట్ సపోర్ట్ వాళ్ళకి పూర్వీకులన్నమాట. 1894 సెప్టెంబరులో సి.టి.ఆర్. విల్సన్ అనే కుర్ర శాస్త్రవేత్త అక్కడ రెండు వారాలు డ్యూటీ చేశాడు. మబ్బుల మీద ఎండ పడినప్పుడు కనపడే రంగుల వలయాలు చూసి, వాటిని ల్యాబులో తయారుచేద్దామని కూర్చున్నాడు. అందులోంచే క్లౌడ్ చాంబర్ పుట్టింది, 1927లో నోబెల్ వచ్చింది. తర్వాత డబ్బుల్లేక ఆ శాలనే మూసేశారు. గవర్నమెంట్లు అన్నిచోట్లా ఒకటే.

ఇక మన్రోల దగ్గరికి వద్దాం. మన్రో అంటే రాయలసీమ వాళ్ళకి దత్తమండలాల కలెక్టరు, మండ్రోలయ్య, గుర్తొస్తాడు. ఆయనదీ గ్లాస్గోనే, కానీ ఈయన వేరు. సర్ హ్యూ మన్రో ఒక జమీందారు. 1889లో పెట్టిన స్కాటిష్ మౌంటెనీరింగ్ క్లబ్ మెంబరు. 1891లో ఆయన మూడు వేల అడుగులు దాటిన కొండలన్నిటికీ ఒక పట్టిక అచ్చు వేయించాడు. అప్పటిదాకా అలాంటివి ముప్ఫయ్యో ఎంతో ఉంటాయని జనం అనుకునేవారు. ఈయన లెక్కలో 283 తేలాయి. కొలతలు సవరించగా సవరించగా ఇప్పుడు 282. వాటినే మన్రోలంటారు. మొత్తం ఎక్కిన మొదటివాడిగా 1901లో పాస్టరు ఎ.ఇ. రాబర్ట్‌సన్ పేరు పుస్తకాలకెక్కింది. పాపం మన్రో మాత్రం తన జాబితా తనే పూర్తి చెయ్యకుండా 1919లో పోయాడు. స్పెక్ రాసినవాడికే సైన్‌ఆఫ్ దొరకలేదు.

నన్ను ఆపింది వేరే విషయం. ఈ మన్రో ఒక్కోసారి పక్క ఎస్టేట్ల కొండలు రాత్రిపూట ఎక్కేవాడట, పగలెక్కితే అక్కడి దొరల జింకల వేట చెడిపోతుందని. జమీందారుకే ఇంత మొహమాటమైతే మామూలోడి గతేంటి?

ఆ కొండల్లో అంతకుముందు ఊళ్ళుండేవి. 18వ శతాబ్దం చివరి నుంచి 19వ శతాబ్దం నడిమి దాకా గొర్రెల పెంపకం కోసం దొరలు రైతుల్ని వేలకొద్దీ ఖాళీ చేయించారు. ఇళ్ళు కూల్చారు, కొన్నిచోట్ల తగలబెట్టారు. చాలామంది కెనడా ఓడలెక్కారు. తర్వాత ఉన్ని ధర పడిపోయేసరికి అదే నేలని జింకల వేటకి అద్దెకివ్వడం మొదలెట్టారు. వేట అడవి అంటే మనిషి అడుగు పెట్టకూడదు. 1884లో జేమ్స్ బ్రైస్ అనే ఎంపీ, కొండల మీద నడిచే హక్కు అందరికీ ఉండాలని పార్లమెంటులో బిల్లు పెట్టాడు. పాసవలేదు. మళ్ళీ మళ్ళీ పెట్టారు, మళ్ళీ మళ్ళీ పోయింది. సభలో కూర్చున్నవాళ్ళలో చాలామందికి ఎస్టేట్లుంటే ఎలా పాసవుతుంది చెప్పండి.

అప్పట్లో కొండలెక్కేవాళ్ళు ప్రొఫెసర్లు, లాయర్లు, పాస్టర్లు. దొరలతో పరిచయాలుండేవి కాబట్టి పర్మిషన్ దొరికేది. ఆ క్లబ్బులోకి ఆడవాళ్ళకి ప్రవేశం లేదు. దాంతో 1908లో వాళ్ళే సొంత క్లబ్ పెట్టుకున్నారు. ఆ ఆడవాళ్ళ క్లబ్ నుంచే ముగ్గురు 1955లో నేపాల్ వెళ్ళి, హిమాలయాల్లో పూర్తిగా ఆడవాళ్ళతోనే నడిచిన మొదటి యాత్ర చేసొచ్చారు. మగవాళ్ళ క్లబ్ తలుపు తెరిచింది 1990లో. అవును, 1990లోనే.

మనవైపు నుంచి అక్కడికి వెళ్ళిన ఒకాయన కథ నాకు బాగా ఇష్టం. 1899లో హర్కబీర్ థాపా అనే గూర్ఖా సిపాయిని ఆయన అధికారి చార్లెస్ బ్రూస్ స్కై ద్వీపానికి తీసుకెళ్ళాడు. అక్కడ గ్లామేగ్ అని 775 మీటర్ల కొండ ఉంది, నిట్టనిలువునా రాళ్ళూ రప్పలూ. స్లిగాహన్ హోటలు గుమ్మం నుంచి శిఖరం దాకా వెళ్ళి తిరిగి రావడానికి థాపాకి పట్టింది 55 నిమిషాలు. అదీ ఉత్త కాళ్ళతో. దశాబ్దాలపాటు ఎవరూ దాన్ని దాటలేకపోయారు.

అసలు మలుపు 1930ల్లో వచ్చింది, అదీ పై నుంచి కాదు. గ్లాస్గో పక్కన క్లైడ్‌బ్యాంక్ ఓడల యార్డులో 534 నంబరు ఓడ పని 1931 డిసెంబరులో ఆగిపోయింది. తర్వాత క్వీన్ మేరీ అయింది ఆ ఓడే. వేలమంది ఒక్కరోజులో రోడ్డున పడ్డారు. లేఆఫ్ అంటే ఏంటో మన ఫీల్డులో వేరే చెప్పక్కర్లేదు. పని లేదు, డబ్బుల్లేవు, వారమంతా ఖాళీ. కుర్రాళ్ళు ఊరిబయట కొండల దారి పట్టారు. దారిలో క్రేగాలియన్ చెరువు పక్కన ఒక నెగడు రాత్రింబవళ్ళు ఆరకుండా మండుతూ ఉండేది. ఎవరొచ్చినా ఇంత టీ కాచుకుని, కబుర్లు చెప్పుకుని, అక్కడి నుంచి ఉత్తరానికి పోయేవారు. బండల కింద న్యూస్‌పేపర్లు కప్పుకుని పడుకునేవారు. తాళ్ళూ సామానూ అరకొర, వాచర్ల కంట పడకుండా తిరగడం వేరే. 1930లో యార్డు కుర్రాళ్ళు పెట్టుకున్న క్రేగ్ డూ క్లబ్ ఇరవై ఏళ్ళు తిరిగేసరికి దేశంలోని అతి కష్టమైన రాతి మార్గాల మీద తన పేరు రాసుకుంది. పాఠం ఎవరూ చెప్పలేదు, పుస్తకాలూ లేవు.

ఇది చదువుతుంటే నాకు భువనగిరి గుర్తొచ్చింది. 2014లో పదమూడేళ్ళకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ వ్యవసాయ కూలీల బిడ్డ, గురుకుల పాఠశాలలో చదువుకుంది, తాడు పట్టడం నేర్చుకుంది ఆ ఏకశిల మీదే.

ఇనుముతో పనిచేసేవాళ్ళ మధ్యకి వస్తే ఏ ఆటైనా పరికరం మారకుండా ఉండదు. పాతకాలంలో నిలువు మంచు ఎక్కాలంటే పొడవాటి చెక్క పిడి గొడ్డలితో మెట్టు తర్వాత మెట్టు చెక్కుకుంటూ పోవాలి, గంటలకొద్దీ. బెన్ నెవిస్ మీద పాయింట్ ఫైవ్ గల్లీ అనే సందుని 1959లో మొదటిసారి ఎక్కడానికి ఐదు రోజులు పట్టింది. హేమిష్ మెకిన్నిస్, క్రేగ్ డూ వాళ్ళతో తిరిగినవాడే, పూర్తి లోహంతో గొడ్డలి చేశాడు. 1970 ప్రాంతంలో దాని ముక్కుని బాగా కిందికి వంచాడు. కిందికి లాగినకొద్దీ అది మంచులో బిగుసుకుంటుంది, ఊడిరాదు. ఇంచుమించు అదే సమయంలో అమెరికా నుంచి ఇవాన్ షునార్డ్ వంపు తిరిగిన ముక్కుతో ఇంకో డిజైన్ తెచ్చాడు. మెట్లు చెక్కడం అక్కడితో సరి. ఐదు రోజుల సందుని జనం ఒక పూటలో ఎక్కడం మొదలెట్టారు. 1961లో గ్లెన్ కో రెస్క్యూ టీమ్ పెట్టింది కూడా మెకిన్నిసే. మడతపెట్టి మోసుకెళ్ళే లోహపు స్ట్రెచరు ఒకటి ఆయన పేరుతోనే చలామణీ అవుతోంది.

భూమి సంగతి మాత్రం నత్తనడకే. గ్లెన్ కో లోయ వేలానికొస్తే పెర్సీ ఉన్నా అనే సివిల్ ఇంజనీరు (పేరే అంత, ఉన్నా లేనట్టే ఉండేవాడు) క్లైంబర్ల దగ్గర చందాలు పోగేసి, తన డబ్బు గుట్టుగా కలిపి, 1935-37 మధ్య ఆ కొండల్ని నేషనల్ ట్రస్టుకి కొనిపెట్టాడు. ఆయన పెట్టిన షరతులు నాకు భలే నచ్చాయి. జనాన్ని ఆపకూడదు, కానీ కొండని తేలిక చెయ్యనూ కూడదు. బోర్డులొద్దు, కొత్త బాటలొద్దు, షెల్టర్లొద్దు. మన దగ్గర కొండ కనపడగానే రోప్‌వే, రెయిలింగు, సెల్ఫీ పాయింటు అనే ఆలోచనకి ఇది పూర్తి వ్యతిరేకం.

చట్టం వచ్చింది 2003లో, బ్రైస్ బిల్లుకి 119 ఏళ్ళ తర్వాత. 2005 ఫిబ్రవరి నుంచి అమలు. బాధ్యతగా మసులుకుంటే చాలు, స్కాట్లాండ్‌లో దాదాపు ఏ కొండ మీదైనా, ఏ చెరువు పక్కనైనా ఎవరైనా నడవొచ్చు, ఎక్కొచ్చు, గుడారం వేసుకోవచ్చు. పౌరసత్వం అడగరు. వర్క్ పర్మిట్ మీదున్న నాకూ, అక్కడి డ్యూక్‌కీ ఒకటే హక్కు. పక్కనున్న ఇంగ్లండులో ఈ సౌకర్యం లేదు. అక్కడ డార్ట్‌మూర్‌లో గుడారం వేసుకునే హక్కు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సొచ్చింది, 2025లో గెలిచారు.

ఓనర్లు మాత్రం మారలేదు. ఐదొందల మంది కూడా లేని యజమానుల చేతిలో ప్రైవేటు గ్రామీణ భూమిలో సగం ఉందని 2013లో లెక్క తేల్చారు. గ్లాస్గోకి దగ్గరగా ఉన్న లోమండ్ చెరువు ఒడ్డున, తాగి చెత్త పారేసే బాపతు ఎక్కువయ్యారని 2017 నుంచి మార్చి-సెప్టెంబరు మధ్య చాలాచోట్ల గుడారానికి పర్మిట్ తప్పనిసరి చేశారు. క్రేగాలియన్ నెగడు నుంచి కుర్రాళ్ళు బయల్దేరి పోయింది అటువైపే.