కలెక్టరు కాంప్‌బెల్ లెక్క, మన పది మంది పిల్లలు



పోయిన మీటింగులో పిల్లల తెలుగు గురించి మొదలైన మాట గొడవగా మారింది. ఒకాయన తప్పంతా సెల్‌ఫోనుదే అన్నారు. ఇంకొకాయన గవర్నమెంటుదన్నారు. వెనక కూర్చున్న ఒకావిడ, "ఫోను కొనిచ్చింది మనమే, ఇంగ్లీషు మీడియంలో వేసింది మనమే, మళ్ళీ వాళ్ళనీ వీళ్ళనీ అనడం ఎందుకు?" అని గట్టిగానే అడిగారు. టీ వచ్చాక గొడవ చల్లారింది గాని తీర్మానం ఏదీ కాలేదు. ఈ మూడు మాటలూ మన ఊరికి కొత్తవి కావు. రెండు వందల ఏళ్ళ కిందట ఇక్కడి కలెక్టరు ఒకాయన యంత్రం సంగతీ, సర్కారు సంగతీ, తల్లిదండ్రుల సంగతీ ఒకే రిపోర్టులో రాసి మద్రాసుకు పంపాడు. అది చదివినప్పటి నుంచీ మీ అందరికీ చెప్పాలని ఉంది.

1822 జూన్‌లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, జిల్లాల్లో బడులెన్ని, చదివే పిల్లలెందరు అని లెక్కలు అడిగించాడు. మన్రో మన సీమకు కొత్తవాడు కాడు. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి ఇచ్చేశాక 1807 దాకా కలెక్టరుగా తిరిగిన మనిషి. బళ్ళారి జవాబు 1823 ఆగస్టు 17న వెళ్ళింది. రాసింది ఎ.డి. కాంప్‌బెల్. ఈయన 1816లోనే తెలుగు వ్యాకరణం ఇంగ్లీషులో రాసి అచ్చు వేయించాడు, తర్వాత నిఘంటువు కూడా వేశాడు. అంటే భాష రాని దొర రాసిన రిపోర్టు కాదిది. ధర్మపాల్ 1983లో తెచ్చిన 'ది బ్యూటిఫుల్ ట్రీ' అనే పుస్తకంలో దీన్ని చూడవచ్చు.

లెక్క ఇది. జిల్లాలో బడులు 533, చదివే పిల్లలు 6,641. బడుల్లో కన్నడం 235, తెలుగు 226, మరాఠీ 23, సంస్కృతం 23, ఫారసీ 21, తమిళం 4, ఇంగ్లీషు 1. రైల్వే గుమాస్తా బుద్ధి పోదు గనక కూడి చూశాం, సరిగ్గా 533 వచ్చింది. అప్పటి బళ్ళారి జిల్లా చాలా పెద్దది, అనంతపురం 1882లో గాని విడిపోలేదు. ఇంత పెద్ద జిల్లాలో కన్నడ బడులకూ తెలుగు బడులకూ తేడా తొమ్మిదే. ఇంగ్లీషు బడి ఒక్కటే. ఇప్పుడు మీ వీధి చివర నిలబడి ఈ లెక్క తిరగేసి చూసుకోండి.

అయితే పాతకాలమంతా బంగారం అనేవాళ్ళకు ఇంకో అంకె చెప్పాలి. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది. జిల్లా జనం తొమ్మిది లక్షల పైచిలుకు, బడికి పోయేవాళ్ళు వెయ్యికి ఏడుగురైనా లేరు.

పిల్లల్ని ఎలా పెంచేవాళ్ళో కూడా కాంప్‌బెల్ రాశాడు. ఐదో ఏట బడిలో వేస్తారు. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దిస్తారు. పొద్దున అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు, అది గౌరవం. రెండోవాడి చేతిలో సున్న, అంటే మెప్పూ లేదు తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఇలా ఆలస్యం కొద్దీ పెరుగుతాయి. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే పద్ధతి ఆయనకు తెగ నచ్చింది, ఇంగ్లండులో దీన్ని అనుకరించడం తగినదే అన్నాడు. నచ్చనిది కూడా దాచలేదు. పిల్లలు పద్యాలు పద్యాలుగా అప్పజెబుతారు గాని అర్థం అడిగితే చిలకకు తెలిసినంతే తెలుసు అన్నాడు. ఇప్పుడు ఇంగ్లీషు రైములు అప్పజెప్పించి వీడియో తీసి గ్రూపులో పెట్టేవాళ్ళు ఈ మాట కాస్త గుర్తు పెట్టుకుంటే మంచిది.

అసలు విషయం తర్వాత వస్తుంది. ఇంతకు ముందు బడులున్న చాలా ఊళ్ళలో ఇప్పుడు లేవు, పెద్ద బడులున్న చోట ఉన్నవాళ్ళ పిల్లలు కొందరే మిగిలారు అంటాడు. ఎందుకని? ఇంగ్లండు మిల్లుల గుడ్డ దిగి ఇక్కడి నేతగాళ్ళ సంపాదన పోయింది. చేతులూ కాళ్ళూ ఆడితే చాలు, పసిపిల్లల్ని కూడా పనిలో పెట్టుకోక తల్లిదండ్రులకు గతి లేకుండా పోయింది. ఇక సర్కారు సంగతి. ఈ 533 బడుల్లో ఒక్కదానికీ ప్రభుత్వం నుంచి పైసా సాయం లేదని, చెప్పడానికి సిగ్గుగా ఉందని, కంపెనీ జీతం తింటున్న కలెక్టరే రాశాడు. తప్పు ఒక్కరి నెత్తిన పెట్టి చేతులు దులుపుకోలేదు. మన మీటింగులో ఆ మాత్రం ఓపిక కనపడలేదు.

తర్వాత మన ఊళ్ళో తెలుగు చదువును నిలబెట్టింది ఒక విధంగా నాటకం. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవ, ముగ్గురూ వకీళ్ళు. పగలు కోర్టు, రాత్రి రిహార్సలు. ఆడవేషం ఆడవాళ్ళే వేయాలని రాఘవ పట్టుబట్టాడు. తెలుగు నాటకానికి దేశమంతా పేరు తెచ్చినవాడు కన్నడ నాటకాలూ ఆడాడు. 1939లో 'రైతుబిడ్డ' సినిమాలోనూ వేశాడు. వేషం కావాలంటే పుస్తకం చదివి పద్యం నోటికి పట్టాలి, అలా అక్షరానికి ఒక పని ఉండేది.

రాఘవ 1946లో పోయాడు. ఏడేళ్ళకు గీత పడింది. పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచాక ఆంధ్ర రాష్ట్రం ఖాయమైంది. 1953 మార్చిలో నెహ్రూ గారు పార్లమెంటులో చెప్పిన ప్రకారం ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు, హోస్పేట, సిరుగుప్ప, సండూరు, కూడ్లిగి, హడగలి, హరపనహళ్ళి మైసూరుకు. బళ్ళారి తాలూకా ఒక్కటే తేలలేదు. దాన్ని జస్టిస్ మిశ్రాకు అప్పజెప్పారు, ఆయన మైసూరు అన్నారు. అక్టోబరు 1న అంతా అమలైంది. 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం బళ్ళారి, సిరుగుప్ప, హోస్పేట ఆంధ్రకు ఇవ్వమని మళ్ళీ రాసింది, కేంద్రం ఒప్పుకోలేదు. ఆ సిఫార్సు వెనక ఉన్నది భాష కాదు, తుంగభద్ర డ్యాము. నీళ్ళు పారాక కోస్తా రైతులు సిరుగుప్ప, గంగావతి, సింధనూరు పక్క భూములు కొని క్యాంపులు కట్టుకున్నారు. ఆ పిల్లలదీ మన పిల్లల కథే, ఇంట్లో తెలుగు, బయట కన్నడం.

గీత ఎటు పడి ఉండాల్సిందో ఇప్పుడు వాదించి లాభం లేదు. కన్నడం మనకు అన్నం పెట్టింది, పిల్లలు అది బాగా నేర్వాల్సిందే. మేము అడిగేది వేరే. గీతకు ఇవతల ఉన్నవాళ్ళకు చట్టం ఏమిచ్చింది? 1949 ఆగస్టులో విద్యామంత్రుల సమావేశం ఒక సూత్రం ఒప్పుకుంది. బడి మొత్తంలో 40 మంది, లేదా ఒక తరగతిలో 10 మంది పిల్లలు వేరే మాతృభాషవాళ్ళుంటే, ప్రాథమిక స్థాయిలో ఆ భాషలో చెప్పే అయ్యవారిని వేయాలి. 1956లో రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేర్చి, ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు తగిన వసతి కల్పించమన్నారు. పది మంది! పెళ్ళి భోజనాల దగ్గర ఒక బంతికి కూడా చాలరు. ఆ పది మందిని ఒక తరగతిలో చూపించాల్సింది ఎవరు?

2014 మే 6న సుప్రీంకోర్టు మన కర్ణాటక కేసులోనే తీర్పు చెప్పింది. మాతృభాష మీడియం ప్రభుత్వం బలవంతంగా పెట్టకూడదు, అసలు బిడ్డ మాతృభాష ఏదో తేల్చేది తల్లిదండ్రులే అంది. ఆ తీర్పుతో వెనక వరుస ఆవిడ మాట నిజమైంది. ఆంధ్రలో ఉండి ఉంటే పిల్లలు తెలుగు చదివేవాళ్ళు అనేవాళ్ళకు ఒక్క మాట. అక్కడే 2019 నవంబరులో ఒకటి నుంచి ఆరు దాకా ఇంగ్లీషు మీడియమే అని జీవో ఇచ్చారు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది.

ఇక ఫోను. మిల్లు గుడ్డ పిల్లవాణ్ణి బడి మాన్పించి పనిలోకి లాగింది. ఫోను ఆ పని చేయలేదు. మనవడు అవ్వకు వాయిస్ మెసేజి పెడతాడు, తెలుగు సినిమా చూస్తాడు, తెలుగు ముచ్చట్లు ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాడు. మాట పోలేదు, చదవాల్సిన అవసరం పోయింది. ఆదోని నుంచి పెళ్ళి పత్రిక వస్తే తండ్రిని చదివి పెట్టమంటాడు. తండ్రి తర్వాత ఎవరు చదివి పెడతారు?

నేర్పడం పెద్ద కష్టమూ కాదు. మేము చదివింది తమిళ మీడియం. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. ఉద్యోగంలో చేరాక స్టేషను బోర్డులూ, గోడ మీద సినిమా పోస్టర్లూ చూసి తెలుగు అక్షరాలు పట్టుకున్నాం. బళ్ళారి పిల్లలకు ఆ తిప్పలు లేవు. కన్నడ లిపీ తెలుగు లిపీ ఒకే పాత లిపి నుంచి చీలినవి, వరుస ఒకటే, గుణింతం ఒకటే. తలకట్టు, దీర్ఘాలు రాసే తీరు, క, శ లాంటి కొన్ని అక్షరాలు, ఇంతే వేరు. నాలుగో తరగతి కన్నడం చదివే పిల్ల కొన్ని ఆదివారాలు కూర్చుంటే తెలుగు పోస్టరు చదివేస్తుంది. కాంప్‌బెల్‌కు నచ్చిన పద్ధతిలోనే పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకు చెప్పవచ్చు, దెబ్బలు మాత్రం వద్దు.

స్మార్ట్ టీవీకి అని సంఘం దాచిన డబ్బులో కొంత ఒక అయ్యవారికి కేటాయించాలని మా అభిప్రాయం, వచ్చే మీటింగులో ప్రతిపాదన పెడతాం. ఈలోగా ఒక రిజిస్టరు తెరిచాం. కాలమ్‌లు మూడే: బిడ్డ తరగతి, బడి, ఇంట్లో మాట్లాడే భాష. మూడో కాలమ్‌లో "ఇంగ్లీషు" అని రాయించే ఉద్దేశం ఉన్నవాళ్ళు ముందే చెప్పండి, ఆ గేటు దాకా మేము నడిచి రావడం తప్పుతుంది.