క్రీడావిద్యార్థి వేతనములు: పూర్వచరిత్రయు, మన కర్తవ్యమును

ఈ సంవత్సరము మన మహాసభయందు చర్చకు రానున్న తీర్మానములలో, సంఘముయొక్క విద్యార్థి సహాయనిధినుండి క్రీడలయందు ప్రతిభ గల బాలబాలికలకు ప్రత్యేక వేతనము లొసంగి, వారిని మంచి ప్రైవేటు పాఠశాలలలో చేర్పింపవలెనను తీర్మాన మొకటి కలదు. ఈ సంచికకు చారిత్రకవ్యాస మొకటి వ్రాసి పంపవలసినదిగా కార్యదర్శిగారు మమ్ము కోరినప్పుడు, మేము ఈ విషయమునే యెన్నుకొంటిమి. తీర్మానమును మేము వ్యతిరేకించువారము కాము. అయినను ఇట్టి దానమునకు పూర్వచరిత్ర యొకటి కలదు. దానిని తెలిసికొని చేయి చాచు దాతకును, తెలియక చేయి చాచు దాతకును భేదము కలదు.

మన దేశమున పూర్వము రెండువిధములైన పోషణము లుండెను. మొదటిది విద్యార్థిపోషణము. నిరుపేద బాలుడు వారమునకు ఏడిండ్ల వారములు చేసికొని, దినమున కొక యింట భుజించుచు చదువుకొనెడివాడు. అన్నము పెట్టిన గృహిణి వానివలన నేమియు కోరెడిది కాదు. రెండవది మల్లపోషణము. సంస్థానప్రభువులు మల్లులకు పాలు, నేయి, బాదముపప్పు సమకూర్చి సాములు చేయించి, పొరుగు సంస్థానపు మల్లులతో పోటీకి దింపెడివారు. విద్యార్థి కిడిన యన్నము విద్యార్థికే చెల్లినది. మల్లునికి పోసిన పాలు మాత్రము ప్రభువుల కీర్తి కొఱకు. మల్లుని భుజబలము తగ్గిన నాడు పాలును తగ్గెడివి. నేటి క్రీడావేతనమున ఈ రెండు పోషణములును ఒకే పాత్రలో కలిసియున్నవి. కావుననే దానిని విడమఱచి చూడవలసియున్నది.

ప్రైవేటు పాఠశాలల చరిత్రకు ఇంగ్లండు దేశమే మంచి యుదాహరణము. అచ్చటి ప్రసిద్ధ పాఠశాలలు మొదట ధనవంతుల కొఱకు పుట్టినవి కావు. 1382లో విలియము ఆఫ్ వైకెమ్ అను మతగురువు వించెస్టరునందు 70 మంది పేదవిద్యార్థులకై విద్యాలయమును నెలకొల్పెను. 1440లో ఆఱవ హెన్రీ రాజు ఈటన్ పాఠశాలను పేదబాలుర యుచితవిద్యకే స్థాపించెను. 1567లో లారెన్సు షెరిఫ్ అను లండను వర్తకుడు తన యాస్తిలో కొంత వ్రాసియిచ్చి, తాను పుట్టిన రగ్బీ గ్రామమునందలి బాలురకై యొక పాఠశాల యేర్పఱచెను. కాలక్రమమున దూరప్రాంతముల ధనవంతుల బిడ్డలు రుసుము చెల్లించి యందు చేరసాగిరి. 1828 మొదలు 1842 వఱకు ప్రధానాచార్యుడుగా నున్న థామస్ ఆర్నాల్డు కాలమున దాని కీర్తి దేశమంతట వ్యాపించెను. అటుపిమ్మట 1868లో పబ్లికు పాఠశాలల చట్టము వచ్చినది. ఆపైన వర్తకు డెవరికొఱకు ఆస్తి వ్రాసెనో ఆ యూరి బాలురకు 1878లో వేఱొక పాఠశాల కట్టియిచ్చిరి. పెద్దపాఠశాల ధనికులదై నిలిచినది. దాత పేరు ఆ చిన్నపాఠశాలకు పెట్టిరి. దానమును దొంగిలించినవా డొకడును లేడు. మూడువందల యేండ్లలో అది మెల్లమెల్లగా ఒరిగిపోయినదంతే.

ఆ దేశమునందే ఇరువదవ శతాబ్దమున ఈ ప్రవాహమును కొంత వెనుకకు మఱలింప జూచిన వాడొకడు కలడు. ఆతని పేరు జాక్ మేయర్. ఆతడు 1905లో జన్మించి, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునందు చదివి, క్రికెట్ ఆటయందు పేరుపడి, మన బొంబాయికి ప్రత్తివ్యాపారమునకై వచ్చెను. పిదప కాఠియావాడు సంస్థానములలో రాజకుమారులకు చదువు చెప్పెను. 1935లో స్వదేశమునకు మఱలునపుడు ఏడ్గురు భారతీయ బాలురను వెంటగొనిపోయి, సామర్సెట్ మండలమునందలి స్ట్రీట్ అను పెద్దగ్రామమున, పాదరక్షల కర్మాగారమునకు పేరొందిన క్లార్కు కుటుంబమువారి యొక భవనమును అద్దెకు గైకొని, మిల్‌ఫీల్డు అను పాఠశాలను ప్రారంభించెను. నేడు క్రీడలకు ప్రపంచప్రఖ్యాతి గాంచిన ఆ విద్యాలయమున మొదటి తరగతి కూర్చున్నవారు మన దేశపు బాలురే యని మనవా రెందఱెఱుగుదురు?

మేయరు పద్ధతి విచిత్రమైనది. అందఱికిని ఒకే రుసుము ఆతడు విధింపలేదు. ధనవంతుడైన తండ్రినుండి హెచ్చుగా గొని, పేదవాని బిడ్డకు తగ్గించియో, పూర్తిగా విడిచియో చేర్చుకొనెడివాడు. ఏదేనొక విద్యయందు గాని, ఆటయందు గాని మెఱుపు గల బిడ్డ యని తెలిసిన చాలును, పరీక్షలో వచ్చిన మార్కులను చూచెడివాడు కాడు. అక్షరములు తాఱుమాఱుగా తోచి చదువలేని పిల్లలను ఇతరులు మందబుద్ధు లనుచున్న కాలమున, ఆతడు వారికి ప్రత్యేకముగా బోధింపజేసెను. అట్టి యిబ్బంది గల డంకన్ గుడ్‌హ్యూ అను విద్యార్థి 1980 మాస్కో ఒలింపిక్ క్రీడలలో నూఱుమీటర్ల ఈతపందెమున స్వర్ణపతకమును పొందెను. పొరుగున నున్న వెల్స్ పట్టణమునందలి మేరీ అను బాలికకు ఆటలలోని నేర్పును బట్టి ఆ పాఠశాలయం దుచితముగా చోటు దొరకెను. ఆమెయే మేరీ రాండ్ అను పేర 1964 టోక్యో ఒలింపిక్ క్రీడలలో 6.76 మీటర్లు దుమికి, ప్రపంచమున నెవ్వరును అంతవఱకు దుమకని దూరము దుమికి, స్వర్ణము గెలిచినది.

వీరందఱికంటె మా మనస్సున నిలిచినవాడు గారెత్ ఎడ్వర్డ్స్. దక్షిణ వేల్సునందలి గ్వాన్ కే గర్వెన్ అను బొగ్గుగనుల గ్రామమున గనికార్మికుని కుమారుడుగా 1947లో జన్మించెను. ఆతని సామర్థ్యమును మొదట గుర్తించినవాడు స్థానిక పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడైన బిల్ సామ్యుయెల్. తన పాఠశాలకు కీర్తి తెచ్చుచున్న బాలుని తనయొద్దనే యుంచుకొనక, మిల్‌ఫీల్డునకు తానే లేఖ వ్రాసి, వేతనముతో చేర్పించెను. ఎడ్వర్డ్స్ 1967 మొదలు 1978 వఱకు ఒక్క పందెమైనను తప్పక వరుసగా 53 పర్యాయములు వేల్సు దేశము తరపున రగ్బీ ఆడెను. ఇరువదేండ్ల ప్రాయముననే ఆ జట్టునకు నాయకుడయ్యెను. అంతకంటె ముఖ్యమైన సంగతి మఱియొకటి. ఆతడు పాఠశాల విడిచినపిమ్మట కార్డిఫ్ నగరమున ఉపాధ్యాయశిక్షణ కళాశాలయందు చేరి చదివెను. ఆటలో కాలు విఱిగినను బ్రదుకు విఱుగని మార్గము ఆతనికి చేతియందుండెను.

ఇది యొక పార్శ్వము. రెండవ పార్శ్వమును జూతము. 2019లో ఇంగ్లండునందు ప్రకటింపబడిన యొక నివేదిక ప్రకారము, ఆ దేశపు బిడ్డలలో ప్రైవేటు పాఠశాలలలో చదివినవారు నూటికి సుమారు 7 మంది; పురుషుల క్రికెట్ జట్టునందో నూటికి 43 మంది. 2017 మొదలు 2022 వఱకు టెస్టుజట్టు నాయకుడై, 2024లో తన దేశము తరపున టెస్టులలో అత్యధికముగా పరుగులు చేసినవాడైన జో రూట్ మొదట షెఫీల్డునందు ప్రభుత్వపాఠశాలలో చదివి, 15వ యేట క్రీడావేతనముతో వర్క్‌సాప్ అను ప్రైవేటు విద్యాలయమునకు పోయెను. ఇట్టివారును ఆ నూటికి 43లో నుండవచ్చును. ప్రభుత్వపాఠశాల నాటిన మొక్క ఫలించునప్పటికి ప్రైవేటుతోటలో నున్నది. ఒక్కడు వెడలినంతమాత్రమున విడిచివచ్చిన పాఠశాలకు మంచి క్రీడాస్థలముగాని శిక్షకుడుగాని క్రొత్తగా లభింపదు. ఒక్కని నెత్తి చేర్చుకొనుట ఆ యొక్కనికి మేలే. వెనుక మిగిలిన నలువదిమంది మాట యెవ్వరు తలంతురు?

ఈ వ్యవహారము మన తెలుగునాట వింత కాదు. పదవతరగతిలో ర్యాంకు వచ్చిన బాలుని రుసుము లేకుండ చేర్చుకొని, ఆతని ఛాయాచిత్రమును గోడలమీదికెక్కించు కళాశాలల నందఱు నెఱుగుదురు. ర్యాంకు స్థానమున పతకమును నిలిపినచో క్రీడావేతన మగును.

ఇక మా యనుభవ మొకటి చెప్పక తప్పదు. మేము జిల్లాపరిషత్తు ఉన్నతపాఠశాలలో తెలుగు పండితపదవియందుండగా, 1994లో, మన కులమువాడే యైన యొక హమాలీ కుమారుడు తొమ్మిదవతరగతి చదువుచుండెను. చెడుగుడు ఆటలో వాని కాలును పట్టగలవాడు తాలూకాలో లేడు. పట్టణమునందలి యొక ప్రైవేటు పాఠశాలవారు వచ్చి, రుసుము, భోజనము, వసతి, బూట్లు అన్నియు నుచిత మనిరి. తల్లి సందేహించినది. ఆమెకు నచ్చజెప్పినవారము మేమే. బదిలీపత్రము మా చేతులతో వ్రాయించి యిచ్చితిమి. ఏడాదిన్నర వాడు పందెము లాడి కప్పులు గెలిచెను. పదవతరగతి పరీక్షలకు నాలుగునెలలకు ముందు మోకాలు తొలగినది. పదిదినములలో వాని పెట్టెను బస్సులో వేసి యింటికి పంపిరి. పరీక్షించి చూడగా, ఆ యేడాదిన్నరలో వానికి నెవ్వరును పాఠము చెప్పలేదు; సాధన, ప్రయాణము, పందెము, నిద్ర - ఇంతియే. పరీక్ష తప్పినాడు. పిదప మా యరుగుమీద ఒక సంవత్సరము చదివి యుత్తీర్ణుడయ్యెను. ఇప్పుడొక లారీల కార్యాలయమున లెక్కలు వ్రాయుచు, కొంచెము కుంటుచు నడచును. మమ్ము జూచినప్పుడు లేచి నమస్కరించును. ఆ నమస్కారమును స్వీకరించుట మాకు నేటికిని కష్టము.

బిల్ సామ్యుయెల్ చేసినదియు మేము చేసినదియు పైకి నొక్కటే. తన శిష్యుని పెద్దపాఠశాలకు పంపుట. భేద మెచ్చట? ఆ పాఠశాల బాలుని చదివించినది. ఈ పాఠశాల బాలుని ఆడించినది. వాగ్దానమును కాగితముపై పెట్టుడని యడుగుటకు మాకు తోచలేదు. వచ్చినవారు మర్యాదస్థులుగా కనబడిరి, మేము సంతోషించితిమి. అంతే.

కావున సభవారికి మా మనవి యిది. వేతన మీయుడు, బాలురకు మాత్రమే కాక బాలికలకును ఈయుడు. అయితే మూడు నియమములను ముందుగా వ్రాయుడు. మొదటిది: బిడ్డను చేర్చుకొన్న పాఠశాల, ఆటలో దెబ్బతగిలినను, ఆట తగ్గినను, ఆ బిడ్డ చదువు ముగియువఱకు విడువరాదు, విడిచినచో మన నిధియే ఆ భారమును వహింపవలెను. రెండవది: చికిత్సకు ధనమును వేతనముతోపాటే వేఱుగా నిలుపవలెను. మూడవది: బిడ్డ చదువు నడచుచున్నదో లేదో, మన సంఘములోని యొక ఉపాధ్యాయుడు మూడునెలల కొకసారి స్వయముగా పోయి చూచి సభకు నివేదింపవలెను. ఈ పనికి మేము జీతము కోరము. మా కాళ్లు నడచినంతకాలము మేమే పోయెదము. దీనికితోడు, బిడ్డ విడిచివచ్చిన పాఠశాలకు ఏటేట ఒక బంతియో, వలయో, చదునుచేసిన నేలయో దక్కునట్లు చేసినచో, వెనుకనున్న నలువదిమందికిని న్యాయము జరుగును.

రగ్బీ గ్రామపు వర్తకుడు ఆస్తి వ్రాసినపుడు, తన యూరి బాలుడు తలుపు వెలుపల నిలువవలసివచ్చునని యనుకొనలేదు. దాతలు మరణింతురు, కార్యదర్శులు మాఱుదురు, నియమము వ్రాసియున్నచో అది మాత్రము మిగులును. మహాసభవారు తీర్మానమును నియమములతో కూడ ఆమోదింతురు గాక యని కోరుచు విరమించుచున్నాము.