ఆడం పెట్టీ (1980–2000)

అమెరికా దేశపు స్టాక్ కారు పందెగాడు. నాస్కార్ సంస్థవారి పందెములలో ఒకే వంశమునుండి వరుసగా నాల్గవతరమున పాల్గొన్న తొలి చోదకుడు. ఇరువదియేండ్లు నిండక మునుపే సాధనపరుగులో మరణించెను.

కొల్లేటి లంకలలో తాటిదోనె నడపు నేర్పు తాత చేతి గడనుండి మనుమని చేతికి మాటలతో పనిలేకయే సంక్రమించునట్లు, ఉత్తర కరొలైనా రాష్ట్రమున పెట్టీల యింట పందెపుకారు నడపు విద్య తరతరమునకు సంక్రమించుచు వచ్చెను. ముత్తాత లీ పెట్టీ 1949లో షార్లెట్ నగరమున ఎరువు తెచ్చిన బ్యూక్ కారుతో పందెమునకు దిగి, అది పల్టీకొట్టినను వెనుదీయక, పిమ్మట మూడుమారులు జాతీయవిజేత యగుటయే గాక, 1959లో డేటోనా 500 పందెము తొలిసారి జరిగినపుడు, ఛాయాచిత్రములను పరీక్షించి మూడుదినములకు గాని నిర్ణయింపజాలనంత స్వల్పమైన అంతరముతో దానిని గెలిచెను. తాత రిచర్డ్ ఏడుమారులు జాతీయవిజేతయై, 200 పందెములు గెలిచి, ‘రాజు’ అను బిరుదుతో ప్రఖ్యాతుడయ్యెను. ఆ సంఖ్యను నేటివరకును ఎవరును సమీపింపనైనను లేదు. తండ్రి కైల్ ఎనిమిది పందెములు గెలిచినవాడు. లీ కారుపై 42, రిచర్డ్ కారుపై 43 అను అంకెలుండగా ఆడం 45ను ఎన్నుకొనెను.

స్టాక్ కారనగా ఆదిలో అంగడిలో అమ్ముడుపోవు మామూలు కారే. కాలక్రమమున పైరూపు మాత్రము బజారు కారును పోలియుండి, లోపల ఉక్కుగొట్టముల పంజరమును, ఎనిమిది సిలిండర్ల ఇంజనును, చోదకునికొక్క ఆసనమును మాత్రమే కలిగిన ప్రత్యేకయంత్రముగా అది మారిపోయెను. ఈ పందెములు చాలవరకు అండాకారపు బాటలపై, ఎల్లప్పుడును ఎడమవైపునకే తిరుగుచు జరుగును. టెక్సాస్ వంటి పెద్దబాటలపై వేగము గంటకు 300 కిలోమీటర్లను మించును. ఆ వేగమున ఏలూరినుండి తాడేపల్లిగూడెమునకు పది నిమిషములు చాలునని తలచినచో పాఠకునకు దాని తీవ్రత కొంత బోధపడును. అట్టి వేగమున పదులకొలది కారులు ఒండొంటిని ఒరసికొనుచు పోవునపుడు చోదకునకు ఆలోచించుటకు వ్యవధి యుండదు. చేయి ముందుగా నడచును.

ఆడం 1980 జూలై 10వ తేదీన జన్మించెను. 1998లో, పదునెనిమిదవ ఏడు నిండిన కొలదిమాసములకే, షార్లెట్‌లో జరిగిన ఆర్కా అను సంస్థవారి పందెమును గెలిచెను. తండ్రియు అదే వయస్సున ఆర్కా పందెముతోనే తొలివిజయము నందియుండెను. మరుసటి యేడు నాస్కార్ ద్వితీయశ్రేణియైన బుష్ పందెములలో పాల్గొని, డేటోనాలో ఆరవవాడుగను, కాలిఫోర్నియాలో నాల్గవవాడుగను నిలిచినను, కొన్ని పందెములకు అర్హత సైతము పొందజాలక, సంవత్సరాంతమున ఇరువదవ స్థానముతో తృప్తిపడవలసి వచ్చెను. వంశనామపు భారము మోయు యువకునకు ఇది సామాన్యమైన ఆరంభమే యైనను, నేర్చుకొనుచున్న వానిని గెలిచిన పందెముల సంఖ్యతో తూచుట న్యాయము గాదు.

2000 ఏప్రిల్ 2న టెక్సాస్‌లో ఆడం ప్రథమశ్రేణి పందెమున తొలిసారి, అదియే తుదిసారిగా, పాల్గొనెను. 33వ స్థానమునుండి బయలుదేరెను గాని ఇంజను చెడిపోవుటచే 40వ స్థానముతో విరమింపవలసి వచ్చెను. నాడు అర్హత పొందజాలని కైల్, పందెము నడుమ మరియొక చోదకునికి బదులుగా చక్రము పట్టెను గాని, అప్పటికే ఆడం విరమించియుండుటచే, తండ్రియు కొడుకును ఒకే బాటపై పరుగెత్తు అపురూపదృశ్యము ప్రేక్షకులకు లభింపలేదు. మునిమనుమని ఆరంగేట్రమునకు మూడుదినముల పిమ్మట, ఏప్రిల్ 5న, లీ పెట్టీ పరమపదించెను.

అయిదు వారములకే, మే 12న, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రపు లౌడన్‌లో, సుమారు 1.7 కిలోమీటర్ల బాటపై సాధన చేయుచుండగా, మూడవ మలుపున వేగము తగ్గవలసిన చోట థ్రాటిల్ తెరచుకొనియే బిగిసిపోవుటచే, ఆడం నడుపుచున్న కారు కాంక్రీటు గోడను ఇంచుమించు ఎదురుగానే ఢీకొనెను. కపాలాధారపు ఎముక విరిగి అతడు మరణించెను. అప్పటికి వయస్సు పందొమ్మిది.

జూలై 7న అదే బాటపై, అదే ప్రాంతమున, కెన్నీ అర్విన్ అను చోదకుడును అట్లే మరణించెను. అప్పుడు గాని ఇంజనును తక్షణమే ఆపు మీటను చక్రముపైననే అమర్చవలెనను నియమము రాలేదు. మరుసటి యేడు ఫిబ్రవరిలో మహాచోదకుడు డేల్ ఎర్న్‌హార్ట్ డేటోనాలో అదే విధమైన గాయముతో కన్నుమూయగా, తలను మెడను పట్టియుంచు సాధనమును 2001 అక్టోబరులో నిర్బంధము చేసిరి; అభిఘాతమును మ్రింగు మెత్తని గోడలు 2002 నుండి ఒక్కొక్క బాటకు వచ్చెను. తలను కాపాడు ఆ సాధనము 1980 దశకముననే రూపొందియుండియు, అసౌకర్యమని చోదకులు పలువురు దానిని ధరింపకుండుట ఈ క్రీడాచరిత్రమున మిక్కిలి శోచనీయమైన విషయము.

దీర్ఘరోగపీడితులైన బాలలకు ఉచితముగా వినోదశిబిరము నెలకొల్పవలెనని ఆడం జీవించియుండగానే సంకల్పించెను. తాత రిచర్డ్ దంపతులు భూదానము చేయగా, తలిదండ్రులు ఆ సంకల్పమును నెరవేర్చి, 2004లో ర్యాండిల్‌మన్‌లో ‘విక్టరీ జంక్షన్’ శిబిరమును ప్రారంభించిరి. కైల్ తన పాత సంఖ్యను విడిచి కుమారుని 45ను స్వీకరించి, 2008 వరకు ఆ అంకెతోనే పందెములాడెను.