సిల్క్ రోడ్ (అంతర్జాల విపణి)

ఈ వ్యాసం అంతర్జాలంలో నడచిన చట్టవిరుద్ధ విపణి గురించి. చైనా నుండి మధ్యధరా తీరం వరకు సాగిన ప్రాచీన వర్తక మార్గం కొరకు పట్టు రహదారి చూడండి.

సిల్క్ రోడ్ 2011 ఫిబ్రవరి నుండి 2013 అక్టోబరు వరకు డార్క్ వెబ్‌లో నడచిన విపణి. ఇందులో ప్రధానంగా మాదకద్రవ్యాల క్రయవిక్రయాలు జరిగేవి. అమెరికాకు చెందిన రాస్ విలియం ఉల్బ్రిక్ట్ "డ్రెడ్ పైరేట్ రాబర్ట్స్" అనే మారుపేరుతో దీనిని నిర్వహించాడు. ఇతనికి 2015లో యావజ్జీవ శిక్ష, 2025లో అధ్యక్షుని క్షమాభిక్ష లభించాయి. ఇతని కోసం గాలించిన అధికారులలో ఇద్దరు ఇదే కేసులో దొంగలుగా తేలి జైలుకు వెళ్ళారు.

నేపథ్యం

ఉల్బ్రిక్ట్ 1984లో టెక్సాస్ రాష్ట్రంలోని ఆస్టిన్‌లో జన్మించాడు. భౌతికశాస్త్రంలో పట్టా, పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో స్నాతకోత్తర పట్టా పొందాడు. ప్రభుత్వ నియంత్రణను వ్యతిరేకించే స్వేచ్ఛావాద ఆర్థిక సిద్ధాంతాల పట్ల ఆకర్షితుడయ్యాడు. కొంతకాలం పాత పుస్తకాల వ్యాపారం చేసాడు. సిల్క్ రోడ్‌లో మొదట అమ్మిన సరుకు ఇతను స్వయంగా పెంచిన మత్తు పుట్టగొడుగులేనని విచారణలో బయటపడిన ఇతని దినచర్య తెలుపుతున్నది.

మారుపేరు విలియం గోల్డ్‌మన్ 1973లో రచించిన "ది ప్రిన్సెస్ బ్రైడ్" నవల లోనిది. అందులో ఈ ఓడదొంగ పేరును ఒకరి తరువాత మరొకరు ధరిస్తారు. సైటును స్థాపించినది తానే అయినా త్వరలోనే ఇతరులకు అప్పగించానని ఉల్బ్రిక్ట్ తరఫు న్యాయవాదులు కోర్టులో వాదించినపుడు ఈ పేరు వారికి బాగానే అక్కరకు వచ్చింది.

పనితీరు

సైటును చేరుటకు టార్ అనే సాఫ్టువేరు అవసరం. ఇది సమాచారాన్ని పొరలు పొరలుగా సంకేతబద్ధం చేసి పలు కంప్యూటర్ల గుండా పంపుతుంది కనుక ఎవరు ఎక్కడ నుండి మాట్లాడుతున్నారో తెలియదు. ఈ పద్ధతికి మూలం అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో జరిగిన కృషి కావటం గమనార్హం. చెల్లింపులు బిట్‌కాయిన్‌లలో జరిగేవి. కొనుగోలుదారు చెల్లించిన సొమ్ము సరుకు అందేవరకు సైటు వద్దనే ఉండేది. నిర్వాహకుడు దానిలో కమీషను తీసుకొనేవాడు. సరుకును చేరవేసినది మాత్రం మామూలు తపాలా వ్యవస్థే. ఎఫ్.బి.ఐ. లెక్క ప్రకారం 2013 జూలై వరకు ఇందులో 12,29,465 లావాదేవీలు జరిగాయి.

పరిశోధన, అరెస్టు

2011 జూన్‌లో గాకర్ అనే వార్తా సైటు ఈ విపణి గురించి ప్రచురించగానే ఇద్దరు సెనేటర్లు దీనిని మూయించవలెనని కోరారు. పలు ప్రభుత్వ శాఖలు వేర్వేరుగా దర్యాప్తు మొదలుపెట్టాయి. చివరకు తొలి ఆధారం దొరికినది గూగుల్ అన్వేషణలో. సిల్క్ రోడ్ గురించి అందరికంటే ముందు ఎవరు ప్రస్తావించారని ఆదాయపు పన్ను విభాగానికి చెందిన గ్యారీ ఆల్ఫర్డ్ వెదికాడు. 2011 జనవరిలో "ఆల్టాయిడ్" అనే పేరుతో ఒకరు చేసిన ప్రచారం కనిపించింది. అదే పేరు గల వ్యక్తి కొన్ని నెలల తరువాత సాంకేతిక నిపుణుడు కావాలని ప్రకటిస్తూ తన అసలు పేరు గల ఈ-మెయిలు చిరునామా ఇచ్చాడు.

సైటు సర్వరు ఐస్‌లాండ్‌లో ఉన్నదని ఎఫ్.బి.ఐ. కనుగొన్నది. లాగిన్ పేజీలోని లోపం వలన చిరునామా బయటపడినదని చెప్పిన వివరణను పలువురు భద్రతా నిపుణులు నమ్మలేదు. ఆ సర్వరు తనదని ఉల్బ్రిక్ట్ ప్రకటించనందున కోర్టు ఆ వివాదం లోతుకు వెళ్ళలేదు.

సంకేతబద్ధం చేసిన ల్యాప్‌టాప్ మూతపడితే సాక్ష్యం చేజారుతుంది. అందుకే 2013 అక్టోబరు 1న శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్లెన్ పార్క్ గ్రంథాలయంలో, సైటు ఉద్యోగిగా నటిస్తున్న ఒక అధికారి ఉల్బ్రిక్ట్‌ను మాటలలో పెట్టి నిర్వాహకుని పేజీ తెరిపించాడు. ఇద్దరు అధికారులు దంపతుల వలె వెనుక గొడవపడ్డారు. అతను తలత్రిప్పిన క్షణంలో కంప్యూటరు లాగివేసారు. అందులో దినచర్య, పద్దులు, సుమారు 1,44,000 బిట్‌కాయిన్‌లు దొరికాయి.

అధికారుల అవినీతి

బాల్టిమోర్ నుండి సాగిన మరొక దర్యాప్తులో మాదకద్రవ్యాల నిరోధక శాఖకు చెందిన కార్ల్ ఫోర్స్ స్మగ్లరుగా నటిస్తూనే దర్యాప్తు రహస్యాలను ఉల్బ్రిక్ట్‌కు అమ్ముకున్నాడు. సీక్రెట్ సర్వీసుకు చెందిన షాన్ బ్రిడ్జెస్ 2013 జనవరిలో, పట్టుబడిన ఒక సైటు ఉద్యోగి ఖాతా నుండి సుమారు 20,000 బిట్‌కాయిన్‌లు కాజేసాడు. ఆ దొంగతనం ఉద్యోగి పనేనని నమ్మిన ఉల్బ్రిక్ట్ అతనిని చంపించుటకు స్మగ్లరు వేషంలోని ఫోర్స్‌కే 80,000 డాలర్లు చెల్లించాడని అభియోగం. హత్య జరగలేదు, నకిలీ ఫొటోలు పంపారు. బిట్‌కాయిన్ పద్దు అందరికీ కనిపించేదే కనుక డబ్బు జాడ చివరకు ఈ ఇద్దరినీ పట్టించింది. 2015లో ఫోర్స్‌కు 78 నెలలు, బ్రిడ్జెస్‌కు 71 నెలలు శిక్ష పడింది. ఉల్బ్రిక్ట్ కేసు విన్న జ్యూరీకి మాత్రం ఈ సంగతి తెలియనివ్వలేదు.

తీర్పు, క్షమాభిక్ష

2015 ఫిబ్రవరి 4న జ్యూరీ ఏడు నేరాలలో ఉల్బ్రిక్ట్‌ను దోషిగా తేల్చింది. మే 29న న్యాయమూర్తి క్యాథరిన్ ఫారెస్ట్ పెరోలు లేని యావజ్జీవ శిక్ష విధించారు. సైటులో కొన్న మందుల వలన మరణించారని ప్రభుత్వం పేర్కొన్న వారి తల్లిదండ్రులు ఆ రోజు కోర్టులో మాట్లాడారు. హత్యాయత్నంపై ప్రత్యేక అభియోగం విచారణకు రాకుండానే 2018లో రద్దయింది, అయితే శిక్ష నిర్ణయంలో న్యాయమూర్తి ఆ సాక్ష్యాన్ని పరిగణించారు. శిక్ష మితిమీరినదన్న ఉద్యమం పదేళ్ళు నడచింది. 2025 జనవరి 21న అధ్యక్షుడు డోనాల్డ్ ట్రంప్ పూర్తి క్షమాభిక్ష ప్రకటించాడు.

తరువాతి విపణులు

అరెస్టు జరిగిన అయిదు వారాలకే సిల్క్ రోడ్ 2.0 వెలసింది, 2014 నవంబరులో మూతపడింది. ఆల్ఫాబే నిర్వాహకుడు అలెగ్జాండర్ కాజెస్ కూడా కొత్త సభ్యులకు పంపిన స్వాగత లేఖలలో సొంత ఈ-మెయిలు చిరునామా వదిలాడు. 2017 జూలై 5న బ్యాంకాక్‌లో పోలీసులు కారుతో అతని ఇంటి గేటును గుద్ది బయటకు రప్పించి అరెస్టు చేసారు. వారం తరువాత అతను నిర్బంధంలో మరణించి కనిపించాడు. అక్కడి వర్తకులు ఆశ్రయించిన హన్సా విపణిని జూన్ 20 నుండి రహస్యంగా నడుపుతున్నది నెదర్లాండ్స్ పోలీసులే. నెల రోజుల పాటు చిరునామాలు సేకరించి, జూలై 20న దానిని మూసివేసారు.