సరైన జవాబు ఎవరు నిర్ణయించాలి?

పోటీ పరీక్ష ముగిసిన కొద్ది నిమిషాలకే కేంద్రం వెలుపల అభ్యర్థులు గుంపులుగా చేరి జవాబులు సరిచూసుకోవడం మన దేశంలో ప్రతి పట్టణమూ ఎరిగిన దృశ్యం. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "నీది ఏ సీరీస్?" ఏ, బి, సి, డి అనే నాలుగు సీరీస్‌లలో అవే ప్రశ్నలు వరుస మారి ఉంటాయి కనుక ముందు వాటిని జత చేసుకోవాలి. చరిత్ర, భూగోళ శాస్త్రాల బిట్ల మీద వచ్చిన వివాదం పాఠ్యపుస్తకం తెరిస్తే తీరిపోతుంది. గద్య భాగాన్ని చదివి జవాబు గుర్తించవలసిన ప్రశ్నల వద్ద మాత్రం వాదన ఎంతకూ తెగదు. అక్కడ తీర్పు చెప్పే పుస్తకం వేరే లేదు. ఉన్నది ఆ గద్య భాగమే. దానిని ఇద్దరూ చదివారు. ఇద్దరికీ రెండు వేర్వేరు జవాబులు సరైనవిగా తోచాయి.

ఈ వాదనను పరీక్ష అలసట తీర్చుకునే కాలక్షేపమని కొట్టివేయడం సులభం. కాని సరైన జవాబును నిర్ణయించే అధికారం ఎవరిది, ఆ నిర్ణయాన్ని పరిశీలించే హక్కు పరీక్ష రాసినవానికి ఉన్నదా అన్న పెద్ద ప్రశ్న దానిలో ఇమిడి ఉంది. ఆ ప్రశ్నకు మన దేశంలో సుదీర్ఘమైన చరిత్రే ఉంది.

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో ఏర్పడ్డాయి. ఆనాడు వాటి ప్రధాన కార్యం బోధన కాదు. పరీక్షలు నిర్వహించి పట్టాలివ్వడం. 1858లో కలకత్తా విశ్వవిద్యాలయం జరిపిన మొదటి బి.ఏ. పరీక్షలో బంకించంద్ర చటర్జీ, యదునాథ బోసు ఇద్దరే ఉత్తీర్ణులయ్యారు. ఆనాటి పరీక్షలన్నీ వ్యాసరూప జవాబులతో కూడినవి. జవాబుపత్రం ఒకసారి చేయి దాటితే దానిని పరీక్షకుడు ఎలా చదివాడో, ఎందుకు మార్కులు తగ్గించాడో విద్యార్థికి తెలిసే మార్గం లేదు. ఒకే జవాబుకు ఇద్దరు పరీక్షకులు రెండు రకాల మార్కులు వేయడం అసాధారణం కాదు.

ఈ దోషాన్ని తొలగించాలన్న ప్రయత్నం నుంచే బహుళైచ్ఛిక ప్రశ్న పుట్టింది. అది పుట్టింది కూడా చదివి అర్థం చేసుకునే శక్తిని కొలిచే పరీక్షలోనే కావడం గమనార్హం. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఫ్రెడరిక్ కెల్లీ అనే విద్యావేత్త 1914-15 ప్రాంతంలో పాఠశాల పిల్లల కోసం మౌన పఠన పరీక్షను రూపొందించాడు. ప్రతి ప్రశ్నకూ ఒకే ఒక జవాబు సరిపోవాలనీ, దిద్దేవారి ఇష్టాయిష్టాలకు చోటుండరాదనీ ఆయన ఉద్దేశం. దీనితో దిద్దేవారి చేతిలోని విచక్షణ తగ్గిన మాట నిజమే. అయితే అది మాయం కాలేదు. ప్రశ్నలు కూర్చి, జవాబుల కీ తయారు చేసేవారి చేతిలోకి మారింది.

మన సివిల్ సర్వీసుల పరీక్షలో ఈ పద్ధతి 1979లో ప్రవేశించింది. డి.ఎస్. కొఠారీ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ సిఫార్సులను అనుసరించి ఆ సంవత్సరం నుంచి ప్రిలిమినరీ దశ మొదలయింది. మెయిన్ పరీక్షను తెలుగుతో సహా రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో రాసే వీలు కలిగింది. ప్రిలిమినరీ ప్రశ్నపత్రం మాత్రం ఇంగ్లీషు, హిందీ భాషలకే పరిమితమయింది.

కీ కూడా తప్పు కావచ్చునన్న సంగతిని సుప్రీంకోర్టు 1983లో కాన్పూర్ విశ్వవిద్యాలయం కేసులో స్పష్టంగా గుర్తించింది. ఉత్తరప్రదేశ్ వైద్య ప్రవేశ పరీక్షలోని కొన్ని ప్రశ్నలకు ఇచ్చిన కీ, ప్రామాణిక పాఠ్యగ్రంథాలతో పొసగలేదని విద్యార్థులు కోర్టుకెక్కారు. కీ సరైనదనే ముందుగా భావించాలనీ, అది తప్పని నిస్సందేహంగా రుజువైతే మాత్రం విద్యార్థిని దండించడం అన్యాయమనీ న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఫలితాలతోపాటు కీ ప్రకటించడం వల్లనే ఆ లోపం వెలుగులోకి వచ్చిందని కూడా న్యాయస్థానం గమనించింది. విద్యార్థులు జవాబులు సరిచూసుకోవడం పరీక్షా వ్యవస్థకు ఎంతటి మేలు చేయగలదో ఈ తీర్పు చాటింది.

2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. దిద్దిన జవాబుపత్రం కూడా ఆ చట్టం నిర్వచించిన సమాచారమేననీ, దానిని చూసే హక్కు విద్యార్థికి ఉందనీ 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే కీ విషయంలో సందేహం మిగిలినప్పుడు దాని ప్రయోజనం పరీక్షాధికారులకే చెందాలని 2018లో మరొక తీర్పు హెచ్చరించింది. నిర్దిష్ట కాలంలో ఫలితాలు వెలువడాలన్న లక్షలాది మంది ప్రయోజనం కూడా న్యాయంలో భాగమే కదా!

2011లోనే ప్రిలిమినరీ రెండవ పేపరు స్వరూపం మారింది. 80 ప్రశ్నలు, 200 మార్కులు గల ఈ పేపరులో గద్య భాగాల ప్రశ్నలకు పెద్ద స్థానం లభించింది. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కులలో మూడవ వంతు కోత. మూలం ఇంగ్లీషులో ఉండగా, హిందీ పాఠం మాటకు మాటగా సాగిన అనువాదమనీ, మూలం చూడనిదే అర్థం కావడం లేదనీ హిందీ మాధ్యమ అభ్యర్థులు ఫిర్యాదు చేశారు. 2014లో ఢిల్లీలో ఆందోళన చెలరేగింది. ఆ ఏడు ఇంగ్లీషు పఠన విభాగం మార్కులను లెక్కలోకి తీసుకోరాదని ప్రభుత్వం నిర్ణయించింది. 2015 నుంచి ఆ పేపరులో 33 శాతం తెచ్చుకుంటే చాలునన్న నియమం వచ్చింది.

ఈ ఫిర్యాదును భాషాభిమానంగా మాత్రమే చూడరాదు. జవాబులు గద్య భాగం ఆధారంగానే ఉండాలని ప్రశ్నపత్రమే ఆదేశిస్తుంది. గద్య భాగంలో "అడవులు తగ్గితే వాన తగ్గవచ్చు" అని ఉన్నదనుకుందాం. "అడవులు తగ్గితే వాన తగ్గుతుంది" అన్న వాక్యం దాని నుంచి తేలదు. అవకాశానికీ నిశ్చయానికీ ఉన్న ఆ భేదాన్ని తెలుగులో ఒక క్రియారూపం మోస్తున్నది. అనువాదంలో అది చెదిరిపోతే, రెండు భాషలలో చదివినవారు చదివింది ఒకే గద్య భాగం కాదు. వారి జవాబులను ఒకే కీతో కొలవడం న్యాయం కాదు. ఇక తెలుగులో చదువుకొన్న అభ్యర్థి ఆ రెండు పాఠాలలో దేనిని చదివినా అది తన మాతృభాష కాదు. ఇంటి మాటలో ఇట్టే పసిగట్టగల భేదాన్ని అతడు పరాయి వాక్యంలో, గడియారం చూసుకుంటూ వెదకాలి.

ప్రిలిమినరీ ముగిసిన తరువాత తాత్కాలిక కీ ప్రకటించి అభ్యంతరాలు స్వీకరిస్తామని యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 2025లో సుప్రీంకోర్టుకు తెలియజేసింది. ప్రతి అభ్యంతరానికీ ప్రామాణిక ఆధారాలు జోడించాలన్నది ఆ ఆలోచనలోని ఒక అంశం. విషయ పరిజ్ఞానం కోరే ప్రశ్నలకు ఇది సముచితమే. పఠన ప్రశ్నకు మాత్రం గద్య భాగమే ప్రమాణం. బయటి గ్రంథమేదీ దానికి సాక్ష్యం చెప్పలేదు. కనుక అటువంటి ప్రశ్నలకు అక్షరాన్ని మాత్రమే ప్రకటించక, గద్య భాగంలోని ఏ వాక్యం ఆ జవాబుకు ఆధారమో, తక్కిన మూడూ ఎందుకు నిలవవో రెండు మూడు పంక్తులలో కీతోపాటు తెలపడం అవసరం. అభ్యంతరం చెప్పే అభ్యర్థి కూడా అదే గద్య భాగం నుంచి తన కారణం చూపాలి.

పరిపాలనలో ప్రవేశించేవాడు రేపు అర్జీని, చట్టాన్ని, తీర్పును చదివి వాటిలో ఉన్నదేమిటో, లేనిదేమిటో చెప్పవలసినవాడు. తన నిర్ణయానికి కారణం రాసి సంతకం చేయవలసినవాడు. అతడిని ఎంపిక చేసే పరీక్ష కూడా తన నిర్ణయానికి కారణం చెప్పడం నేర్చుకుంటే, ఆ తొలి పాఠం అతనికి పరీక్ష నుంచే అందుతుంది.