ఐగుప్తు విలాపదేవత నెఫ్తీస్: డెబ్బది దినముల అంగలార్పుపై ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతము

యాకోబు మరణించినప్పుడు అతని శవమును సుగంధద్రవ్యములతో సిద్ధపరచుటకు నలువది దినములు పట్టెననియు, ఐగుప్తీయులు అతని కొరకు డెబ్బది దినములు అంగలార్చిరనియు ఆదికాండము 50:2,3 వచనములు తెలుపుచున్నవి. ఈ భాగమును బోధించునప్పుడు మనము సాధారణముగా యోసేపు పితృభక్తిని గూర్చి మాటలాడి ముందుకు సాగిపోవుదుము. అయితే ఐగుప్తులో చనిపోయినవారి కొరకు ఏడ్చుట ఎవరి పని? ఎవరి పేరున వారు ఏడ్చిరి? ఆ ఏడుపు వలన ఏమి జరుగునని నమ్మిరి? ఈ ప్రశ్నలకు జవాబు వెదకినచో నెఫ్తీస్ అను దేవత మనకు ఎదురగును. ఆమె భక్తి చరిత్రను పరిశీలించి, దాని ప్రక్కన లేఖనముల బోధను ఉంచి చూచుట ఈ వ్యాసము ఉద్దేశము. సమాధుల యొద్ద తరచుగా నిలువబడు సంఘ కాపరులకు ఇది అక్కరకు వచ్చు విషయము.

1. నెఫ్తీస్ ఎవరు?

"నెఫ్తీస్" అనునది గ్రీకు రూపము. ఐగుప్తు భాషలో ఆమె పేరునకు "గృహపు యజమానురాలు" అని అర్థము. ఇక్కడ గృహమనగా ఆలయము వంటి గొప్ప భవనము. ఆ పేరును వ్రాయు గుర్తులే చిత్రములలో ఆమె తలమీద కిరీటమువలె కనిపించును.

బైబిలులో ఓను అని పిలువబడిన పట్టణమును గ్రీకులు హెలియోపొలిస్ అనిరి. యోసేపు మామయైన పోతీఫెర ఆ పట్టణపు యాజకుడే (ఆది. 41:45). ఆ పట్టణపు మతబోధలో తొమ్మిదిమంది దేవతల కూటమి ఒకటి గలదు. అందులో గెబ్, నూత్ దంపతుల సంతానము ఒసైరిస్, ఐసిస్, సెత్, నెఫ్తీస్. సెత్ తన అన్న ఒసైరిస్‌ను చంపెను. ఒసైరిస్ భార్యయైన ఐసిస్ అతని కొరకు ఏడ్చెను. నెఫ్తీస్ సెత్‌కు భార్యయై యుండియు, చనిపోయినవాని పక్షమున నిలిచి అక్కతో కలిసి ఏడ్చెను. ఐగుప్తీయుల భక్తిలో ఆమె స్థానము ప్రధానముగా ఈ కథ మీదనే ఆధారపడినది.

ఆమెకు ప్రత్యేక ఆలయములు బహు కొద్ది. మధ్య ఐగుప్తులోని సెపెర్‌మెరులో రామెసెసు పేరుతో జోడించబడిన నెఫ్తీస్ ఆలయము ఒకటి ఉండెను. దాని భూములను గూర్చి క్రీ.పూ. 12వ శతాబ్దపు విల్‌బర్ పపైరస్‌లో వివరములు గలవు. రోమీయుల కాలములో ఎస్నా సమీపమందలి కోమిర్‌లో అనూకెత్ దేవతతో కలిపి ఆమెను పూజించిరి. అయితే ఆమె ఎక్కువగా కనిపించు స్థలము ఆలయము కాదు, శవపేటిక. కొత్త రాజ్యకాలపు శవపేటికలమీద తలవైపున నెఫ్తీస్‌ను, పాదములవైపున ఐసిస్‌ను చిత్రించిరి. 1922లో కనుగొనబడిన టుటన్‌ఖామున్ సమాధిలో, రాజు అంతరావయవములను ఉంచిన బంగారు మందసమునకు నాలుగు ప్రక్కల చేతులు చాపి నిలిచియున్న నలుగురు దేవతలలో ఆమె ఒకతె. క్రీ.శ. తొలి, రెండవ శతాబ్దములలో జీవించిన గ్రీకు రచయిత ప్లూటార్క్, కొందరు ఆమెకు "అంతము" అను పేరు పెట్టిరని వ్రాసెను.

2. రెండు గద్దలు

క్రీ.పూ. 2350 ప్రాంతమున సక్కారాలోని ఊనాస్ రాజు పిరమిడ్ లోపలి గోడలమీద చెక్కబడిన వ్రాతలు ఐగుప్తు మతసాహిత్యములో అతి ప్రాచీనములు. "పిరమిడ్ వ్రాతలు" అనబడు ఈ సాహిత్యములో ఐసిస్, నెఫ్తీస్ గద్దల రూపమున ఒసైరిస్‌ను వెదకి, కనుగొని, ఏడ్చి, లేపుదురు. గద్ద అరుపు ఏడుపువలె వినబడుటచేత ఈ పోలిక కలిగియుండవచ్చును. అంత్యక్రియలలో ఇద్దరు స్త్రీలు ఈ దేవతల పాత్రను వహించి శవము యొద్ద నిలిచెడివారు. వారిని కూడ "గద్దలు" అనియే పిలిచిరి.

ఈ ఆచారము ఎట్లు జరిగెనో రెండు పపైరస్ ప్రతులు వివరముగా తెలుపుచున్నవి. మొదటిది బ్రిటిష్ మ్యూజియంలోని బ్రెమ్నర్-రైండ్ పపైరస్. ఇది క్రీ.పూ. 4వ శతాబ్దాంతమునకు చెందినది. వరదకాలపు నాలుగవ నెలలో 22 మొదలు 26వ దినము వరకు ఒసైరిస్ ఆలయములో పాడవలసిన విలాపగీతములు ఇందులో గలవు. పాడువారు పురుషుని ఎరుగని ఇద్దరు స్త్రీలై యుండవలెను. వారి శరీరముమీది వెంట్రుకలు తీసివేయబడవలెను. వారు తలలకు సవరములు ధరించి, చేతులలో కంజిరలు పట్టుకొనవలెను. ఐసిస్, నెఫ్తీస్ అను పేర్లు వారి భుజములమీద వ్రాయబడవలెను.

రెండవది బెర్లిన్‌లోని 3008వ సంఖ్యగల పపైరస్. ఇందులోని విలాపమును అదే నెల 25వ దినమున, పగటి మూడవ గంటకును ఎనిమిదవ గంటకును చదువవలెను. స్త్రీలిద్దరు ద్వారము యొద్ద నేలమీద కూర్చుండి, కుడిచేత నీటిపాత్రను, ఎడమచేత రొట్టెను పట్టుకొని, ముఖములు వంచుకొనవలెను. ఈ ప్రతి తెన్‌త్రుతి అను ఒక స్త్రీకి చెందిన "మృతుల గ్రంథము" చివర చేర్చబడినది. అనగా ఆలయములో దేవుని కొరకు పాడిన విలాపము, సామాన్యురాలైన ఒక స్త్రీ సమాధిలో ఆమె కొరకు ఉంచబడినది.

దీనినిబట్టి రెండు సంగతులు గ్రహించవచ్చును. మొదటిది, ఐగుప్తీయులు దుఃఖమును ఒక సేవగా ఏర్పాటు చేసిరి. దానికి దినము, గంట, వేషము, మాటలు నియమించిరి. రెండవది, ఆ ఏడుపు కేవలము మనస్సు తేలికపరచుకొనుటకు కాదు. అది చనిపోయినవానిని లేపునని వారు నమ్మిరి. నెఫ్తీస్ పేరున ఏడ్చుట వారి దృష్టిలో ఫలమిచ్చు క్రియ.

3. మెంఫిస్ కవలలు

ఈ సేవ చేసిన స్త్రీల స్వంత జీవితము మనకు సాధారణముగా తెలియదు. అయితే క్రీ.పూ. 2వ శతాబ్దమునకు చెందిన కొన్ని గ్రీకు పపైరస్‌లు ఈ లోటును తీర్చుచున్నవి. బైబిలులోని నొపు, అనగా మెంఫిస్, ప్రక్కనున్న సెరాపియము ఆలయ ప్రాంగణములో ఇవి దొరికెను.

థవేస్, తవూస్ అను ఇద్దరు కవల అక్కచెల్లెండ్రు ఉండిరి. వారి తల్లి భర్తను విడిచి ఒక గ్రీకు సైనికునితో ఉండెను. ఆ సైనికుడు వారి తండ్రిని చంపజూడగా, అతడు నదిలో దూకి తప్పించుకొని హెరాక్లియోపొలిస్ చేరి, అక్కడ దుఃఖముతో మరణించెను. అతని సహోదరులు శవమును మెంఫిస్ శ్మశానమునకు తెచ్చిరి గాని, తల్లి దానిని పాతిపెట్టలేదు. ఆమె కుమార్తెలను కూడ ఇంటినుండి వెళ్లగొట్టెను. వారు ఆకలితో, తండ్రి స్నేహితుడైన టోలెమయోస్‌ను ఆశ్రయించిరి. అతడు సెరాపియములోని అష్తారోతు గుడిలో, ప్రాకారము దాటి వెళ్లకుండ వ్రతబద్ధుడై జీవించుచుండెను.

క్రీ.పూ. 164 ప్రాంతమున ఏపిస్ అను పవిత్ర వృషభము చనిపోయెను. దాని కొరకు డెబ్బది దినములు ఏడ్చుటకు ఐసిస్, నెఫ్తీస్ పాత్రలలో ఈ కవలలను నియమించిరి. ఆ తరువాత కూడ వారు ఆలయములో పానార్పణములు పోయుచుండిరి. ఇందుకు వారికి రొట్టెలు, నువ్వులనూనె, ఆముదము జీతముగా రావలసియుండెను. అవి సరిగా రాలేదు. తల్లి పంపిన కుమారుడు సేవకునిగా చేరి, వారికి రావలసినదానిలో కొంత తీసికొని పారిపోయెను. టోలెమయోస్ వారి తరపున రాజైన ఆరవ టాలెమీకిని, రాణికిని, అధికారులకును విజ్ఞాపనలు వ్రాసెను. పలుమార్లు వ్రాసిన పిమ్మట కొంత ఫలితము కలిగెను. ఆ విజ్ఞాపనలే నేడు మన చేతిలోనున్నవి.

వృషభము కొరకు దేవతల పేరున డెబ్బది దినములు ఏడ్చిన ఈ బాలికల తండ్రి, విజ్ఞాపన వ్రాయునాటికి ఇంకను పాతిపెట్టబడలేదు. అతని కొరకు నియమిత దినములు లేవు, కంజిరలు లేవు. నెఫ్తీస్ సేవ వారికి కూడు పెట్టినమాట వాస్తవమే. గాని వారి స్వంత దుఃఖమునకు ఆ ఏర్పాటులో చోటు దొరకలేదు.

4. లేఖనముల వెలుగులో

ఇశ్రాయేలీయులకు కూడ రోదనము చేయు స్త్రీలు ఉండిరి. వారిని పిలిపించుమనియు, వారు తమ కుమార్తెలకు ఆ విద్య నేర్పవలెననియు యిర్మీయా 9:17-20లో ప్రవక్త ద్వారా చెప్పబడినది. యోషీయా కొరకు యిర్మీయా విలాపవాక్యము చేసెను (2 దిన. 35:25). కావున వృత్తిగా ఏడ్చుటను లేఖనము అన్యాచారమని కొట్టివేయలేదు.

అయితే హద్దులు గలవు. యెరూషలేము ఆలయద్వారము యొద్ద తమ్మూజు కొరకు ఏడ్చుచున్న స్త్రీలను చూపి, దానిని హేయకృత్యమని ప్రభువు యెహెజ్కేలుతో చెప్పెను (యెహె. 8:14). చనిపోయిన దేవుని కొరకు ఏటేట ఏడ్చు ఈ ఆచారము ఒసైరిస్ విలాపమునకు దగ్గరది. చనిపోయినవారి కొరకు దేహమును కోసికొనుట ద్వితీయోపదేశకాండము 14:1లో నిషేధింపబడినది. భేదము ఎక్కడున్నదో దావీదు ప్రవర్తనలో స్పష్టమగును. బిడ్డ బ్రదికియున్నంత కాలము అతడు ఉపవాసముండి ఏడ్చెను. చనిపోయిన తరువాత లేచి భోజనము చేసి, తాను బిడ్డను తిరిగి రప్పింపలేనని ఒప్పుకొనెను (2 సమూ. 12:22,23). ఐగుప్తు స్త్రీలు మృతుని లేపుటకు ఏడ్చిరి. దావీదు సజీవుడైన దేవుని యెదుట ఏడ్చెను. అదే దావీదు యోనాతాను కొరకును, అబ్నేరు కొరకును ఏడ్చి గీతములు కట్టెను. కాబట్టి మరణానంతరము ఏడ్వరాదని దీని భావము కాదు.

మెంఫిస్ కవలల ప్రక్కన రిస్పాను కూడ జ్ఞాపకము చేసికొనవలెను (2 సమూ. 21:10-14). ఆమెను ఎవరును నియమింపలేదు, ఆమెకు జీతము లేదు. గోనెపట్ట పరచుకొని, పాతిపెట్టబడని తన కుమారుల శవములను పక్షులనుండి కాపాడెను. ఆ సంగతి రాజునకు తెలిసెను. దావీదు సౌలు, యోనాతానుల ఎముకలను తెప్పించి, ఉరితీయబడినవారి ఎముకలను కూర్పించి, సమాధి చేయించెను. పిమ్మట దేశము కొరకు చేసిన ప్రార్థనను దేవుడు అంగీకరించెను. ఒక తల్లి స్వంత దుఃఖము ఇక్కడ లెక్కలోనికి వచ్చినది.

ముగింపు

సంఘ చరిత్రలో ఈ విషయము తీరిపోలేదు. క్రిసోస్టమ్ హెబ్రీ పత్రికపై చేసిన ప్రసంగములలో, కూలికి ఏడ్చు స్త్రీలను పిలిచువారిని సంఘమునుండి దూరముంచుదునని హెచ్చరించెను. ఆయన ఆందోళన అర్థము చేసికొనదగినదే. గాని అదే హెచ్చరికను మనము భూస్థాపన కూడికలో విధవరాలి మీద ప్రయోగించుట తగదు. 1 థెస్సలొనీకయులకు 4:13ను చదివి "ఏడ్వవద్దు" అని చెప్పుట మన మధ్య తరచుగా వినబడుచున్నది. అపొస్తలుడు నిరీక్షణలేని దుఃఖమును గూర్చి వ్రాసెను, దుఃఖమంతటిని గూర్చి కాదు. లాజరును లేపనున్న ప్రభువే అతని సమాధికి వెళ్లు త్రోవలో కన్నీళ్లు విడిచెను (యోహాను 11:35).

నెఫ్తీస్ భక్తిలో మనము అంగీకరింపలేనిది ఏడుపు కాదు, ఏడుపునకు ఆపాదింపబడిన శక్తి. మృతులను లేపువాడు దేవుడే గనుక, ఆ భారము ఏడ్చు స్త్రీ మీద ఇక లేదు. ఆమె తన తండ్రి కొరకో, భర్త కొరకో, బిడ్డ కొరకో ఏడ్వవచ్చును. కూడిక ముగిసి అందరును వెళ్లిపోయిన తరువాత కూడ ఆమె ప్రక్కన కూర్చుండుట కాపరి పని.